ప్రాజెక్టు వెళ్లిపోయాక కొలిచేదెవరు?

తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో సేద్యం నిలబడి ఉన్నది రాతి మీద. ఆ రాయి 250 కోట్ల ఏళ్లకు పైబడిన గ్రానైటు, నైస్ శిల. దాని పైభాగం ఎండకూ వానకూ శిథిలమై కాస్త గుల్లబారింది. దాని కింద పగుళ్లు, ఇంకా కిందకు పోతే ఏమీ లేని గట్టి బండ. బోరు వేసినవాడికి దొరికేది ఆ గుల్ల పొరలోనూ ఆ పగుళ్లలోనూ నిలిచిన నీరే. ఇలాంటి శిథిల శిలలో మనం బయటికి తీయగలిగే నీరు దాని ఘనపరిమాణంలో 1.5 నుంచి 3 శాతమేనని దేశంలో భూగర్భ జలాలను అంచనా వేసేవారు లెక్క కడతారు. ఈ చిన్న అంకె వెనక పెద్ద సంగతి ఉంది. వాన నీటిలో 10 మిల్లీమీటర్లు లోపలికి ఇంకితే చాలు, నీటిమట్టం 33 నుంచి 67 సెంటీమీటర్ల దాకా పైకి లేస్తుంది. అంత నీరు తోడితే అంతే దిగిపోతుంది. అందుకే ఈ సీమలో ఒక మంచి వానాకాలానికి బోర్లు పొంగినట్టు కనిపిస్తాయి, ఒక్క వేసవికి ఒట్టిపోతాయి. నీటిమట్టం పెరిగిందంటే రైతులు పొదుపుగా వాడారని కావచ్చు, వాన పడిందని కావచ్చు. తోడకం తగ్గిందంటే జ్ఞానోదయమైందని కావచ్చు, బోరు ఎండిందని కావచ్చు. ఈ రెండు కావచ్చుల మధ్య తేడా తేల్చకుండా కోట్ల రూపాయల విధానాలు రాసుకోవడం ఎంత ప్రమాదమో చూపడమే ఈ అధ్యాయం పని.

కరువు ఉన్నచోటికి పథకాలు రావడం సహజం. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు అవి దేశం లోపలి నుంచీ వచ్చాయి, బయటి నుంచీ వచ్చాయి. 1995లో నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో ఏపీవెల్ అనే ప్రాజెక్టు మొదలైంది. రాష్ట్రంలో కరువు పీడించే ఏడు జిల్లాల్లో సన్నకారు రైతులను జట్లుగా కూర్చి ఉమ్మడి బోర్లు వేయించడం దాని లక్ష్యం. 2003లో అది ముగిసేనాటికి పనిచేసినవారికి ఒక సంగతి అర్థమైంది. బోర్లు వేయడం తేలికే, వేసిన బోర్లలో నీళ్లు నిలపడమే కష్టం. ఆ మధ్యలోనే, 2002లో, రాష్ట్ర ప్రభుత్వం నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం తెచ్చింది. కొత్త బోరుకు అనుమతి, బోరుకూ బోరుకూ మధ్య దూరం వంటి నిబంధనలు అందులో ఉన్నాయి. ఆ నిబంధనలు పల్లెల్లో ఎంత అమలయ్యాయో ఈ ప్రాంతంలో ఏ రైతునడిగినా చెబుతాడు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఒక చట్టం తోడకాన్ని తగ్గించమంటోంది, ఒక సంతకం తోడే ఖర్చును సున్నా చేస్తోంది. సరిగ్గా ఈ రెంటి నడుమ పుట్టింది, ఈ అధ్యాయానికి కేంద్రమైన ప్రయోగం.

దాని పూర్తి పేరు ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలోని భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు. అధికారుల నోట ఏపీఫామ్‌గ్స్. ఏపీవెల్ అనుభవం నుంచే పుట్టి, నెదర్లాండ్స్ డబ్బుతో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా, సుమారు 2003 నుంచి 2010 దాకా నడిచింది. చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లకు పాకింది. నంద్యాలకు చెందిన బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందు నిలిచి నడిపింది. ఆలోచన కొత్తది, ధైర్యమైనది కూడా. బోర్ల మీద ఆంక్షలు లేవు, జరిమానాలు లేవు, రాయితీలు కూడా లేవు. రైతులే వానమాపకం చూసి వాన రాస్తారు, ఎంపిక చేసిన బావుల్లో పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలుస్తారు, మోటారు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో చూస్తారు. ఖరీఫ్ ముగిశాక ఒక వాగు పరీవాహక ప్రాంతంలోని ఊళ్లవాళ్లంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేస్తారు. భూమిలో ఉన్న నీరెంత, అందరూ రబీలో వేద్దామనుకున్న పంటలకు కావలసిన నీరెంత, లోటెంత. ఆ తర్వాత ఎవరి పొలంలో ఏం వేయాలో ఎవరికి వారే తేల్చుకుంటారు. లెక్క అందరిది, నిర్ణయం ఎవరిది వారిది. నిజం తెలిస్తే మనిషి తన మేలు కోసమే తగ్గించుకుంటాడన్న నమ్మకం మీద ఈ ప్రాజెక్టు నిలబడింది.

ఫలితాలు ఆశ్చర్యపరిచేవిగా వచ్చాయి. మూడేళ్ల రబీ లెక్కల్లో 42 శాతం పరీవాహక ప్రాంతాలు ఏటా వరసగా తోడకం తగ్గించాయి. 51 శాతం ఒక ఏడు తగ్గించి ఒక ఏడు తగ్గించక నడిచాయి. 7 శాతంలోనే పెరిగింది. 2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశపు భూగర్భ జలాల మీద తెచ్చిన పుస్తకం ఈ అంకెలను ముందుపెట్టి, బలవంతం లేకుండా పెద్ద ఎత్తున భూగర్భ జల వినియోగం తగ్గిన అరుదైన ఉదాహరణగా ఏపీఫామ్‌గ్స్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది. అక్కడి నుంచి ఈ పేరు సదస్సుల్లో, విధాన పత్రాల్లో, ఇతర దేశాల శిక్షణ తరగతుల్లో తిరిగింది. రాయలసీమ రైతు వానమాపకం పక్కన నిలబడిన ఫొటోలు ఎన్ని నివేదికల అట్టల మీదికెక్కాయో లెక్కలేదు. ఆ రైతు ఆ గౌరవానికి అర్హుడే, అందులో సందేహం లేదు. సందేహమల్లా ఆ అంకెలు ఏం చెబుతున్నాయన్నదే.

ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రాజెక్టు ప్రభావం ఏమీ లేదనీ, ఏటా తోడకం తగ్గడమో పెరగడమో నాణెం ఎగరేసినట్టు సరిసమాన అవకాశమనీ అనుకుందాం. అప్పుడు మూడేళ్లూ వరసగా తగ్గే అవకాశం ఎనిమిదింట ఒకటి, అంటే 12.5 శాతం. మూడేళ్లూ పెరిగే అవకాశమూ అంతే. మిగతా 75 శాతం అటూ ఇటూ ఊగుతుంది. వచ్చిన అంకెలు 42, 51, 7. నాణెం లెక్కకన్నా తగ్గుదల వైపు మొగ్గు స్పష్టంగా ఉంది. ఇంతవరకు ప్రాజెక్టుకు అనుకూలమే. అయితే నాణేలు ఒకదాని మాట ఒకటి వినవు, వాగులు అలా కావు. ఏడు జిల్లాల మీదా పడేది ఒకే రుతుపవనం. 2002 దేశమంతా కరువు. 2005 చివర ఈశాన్య రుతుపవనాలు దక్షిణాదిని ముంచెత్తాయి. ఇలాంటి ఏళ్లు ఒకటిరెండు వస్తే ఆ వాగులన్నీ ఒకేసారి ఒకేవైపు కదులుతాయి. తడిసిన ఏడాదిలో రైతు తోడకం తగ్గించినా నీళ్లు మిగులుతాయి కాబట్టి ఎవరికీ పట్టదు. ఎండిన ఏడాదిలో తగ్గించాలన్న ఆలోచన లేకపోయినా తోడడానికి నీళ్లుండవు కాబట్టి అంకె తగ్గుతుంది. పొదుపు వల్ల తగ్గినదీ, దిక్కులేక తగ్గినదీ పట్టికలో ఒకే గడిలో పడతాయి. వాటిని విడదీయాలంటే ప్రాజెక్టు లేని ఊళ్లలో, అదే వాన కింద, అదే రాతి మీద ఏం జరిగిందో తెలియాలి. ఆ రెండో వరుస ఆ పట్టికలో లేదు.

పరిశోధన నుంచి విధానానికి మధ్య జారిపోయేది చాలాసార్లు ఈ రెండో వరుసే. ప్రాజెక్టు నడిపేవారికి తమ ఊళ్ల లెక్కలు రాసే బాధ్యత ఉంటుంది. పక్క ఊరి లెక్క రాయమని డబ్బిచ్చినవారు అడగరు, అడిగినా దానికి డబ్బివ్వరు. తమ పథకం లేని ఊరికి వెళ్లి బావులు కొలవడం దండగ ఖర్చులా కనిపిస్తుంది. నిజానికి పథకం విలువ తేల్చే ఖర్చు అదొక్కటే. 2012లో అంతర్జాతీయ జల యాజమాన్య సంస్థ, టాటా ట్రస్టుల ఉమ్మడి కార్యక్రమం తరఫున శిల్ప్ వర్మ, సుందరరాజన్ కృష్ణన్ మరి ఇద్దరు పరిశోధకులతో కలిసి ఏపీఫామ్‌గ్స్ ఊళ్లకు ప్రాజెక్టు ముగిశాక తిరిగి వెళ్లి చూశారు. తమ నివేదికకు పేరే వాస్తవ పరీక్ష అన్న అర్థంలో పెట్టుకున్నారు. శిక్షణ పొందిన రైతులకు భూగర్భ జలాల తీరు బాగా అర్థమైందని వారికి కనిపించింది. కానీ అందరూ కలిసి వేసుకునే నీటి బడ్జెట్ ప్రాజెక్టు ఉద్యోగులు వెళ్లాక చాలాచోట్ల ఆగిపోయింది. ముందు వచ్చిన పొగడ్తలంత గొప్ప మార్పు నిలబడలేదని తేలింది. రెండేళ్ల తర్వాత వి. రత్నారెడ్డి, సహచరులు రాష్ట్రంలోని మూడు రకాల భూగర్భ జల ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూశారు. అందులో ఒక ప్రయత్నం బోరున్న రైతు బోరులేని పొరుగు రైతుకు నీళ్లిచ్చే ఒప్పందాల మీద నడిచింది. సమాచారం ఇవ్వడం మాత్రమే చేసిన పద్ధతికీ, నీళ్లు పంచుకునే నియమాలు పెట్టుకున్న పద్ధతికీ మధ్య తేడా ఉందని వారి పోలికలో తెలిసింది. ఈ రెండు అధ్యయనాలకూ ప్రపంచ బ్యాంకు పుస్తకానికి దక్కిన ప్రచారంలో పదో వంతు కూడా దక్కలేదనే నా అంచనా. శుభవార్త త్వరగా ప్రయాణిస్తుంది, సవరణ నడిచి వస్తుంది.

ఇక్కడ తొందరపడి ఏపీఫామ్‌గ్స్ విఫలమైందని తీర్పు చెప్పడం కూడా అంతే తప్పు. రైతులు నీటిని కొలవడం నేర్చుకున్నారు, ఆ నేర్పు మిగిలింది. ఆగిపోయింది ఉమ్మడిగా కూర్చునే పని. దానికి కారణాలు ఈ ప్రాంతం ముఖం చూస్తే తెలిసేవే. కూడేలా చేసేవాడు ఒకడుండాలి, వాడికి జీతం ప్రాజెక్టు ఇచ్చింది, ప్రాజెక్టు పోయింది. కరెంటు ఉచితం కాబట్టి ఒక తడి ఎక్కువ పెట్టినందుకు ఎవరి జేబులోంచీ ఏమీ పోదు. అన్నిటికన్నా పెద్దది ధర. దేశంలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి మదనపల్లెలో ఉంది. 2023 జులైలో అక్కడ టమాటా ధర ఎన్నడూ లేనంత పైకి పోయింది. అలాంటి నెల ఒకటి పదేళ్లలో వస్తే చాలు, మిగతా తొమ్మిదేళ్లూ రోడ్డు పక్కన పారబోసిన కాయలను మరిచిపోయి రైతు బోరు నమ్ముకుంటాడు. నీటి బడ్జెట్ రాగులు, చెనక్కాయలు వేయమంటుంది. మార్కెట్ ఎర్ర కాయలు చూపిస్తుంది. ఆ పోటీలో సమాచారం ఒక్కటే ఎంత దూరం లాగగలదు? ఈ ప్రశ్నకు జవాబు ప్రాజెక్టు నడుస్తుండగా దొరకదు. అది వెళ్లిపోయి, ఒక మంచి ధరా ఒక చెడ్డ వానా వచ్చిపోయాకే దొరుకుతుంది.

అందుకే ఇదే ప్రాంతంతో ముడిపడిన మరో పరిశోధన చూడదగ్గది. మదనపల్లె కేంద్రంగా, పాపాగ్ని పరీవాహక ప్రాంతపు ఊళ్లలో ఉమ్మడి భూములు, నీటి వనరుల మీద ఏళ్లుగా పనిచేస్తున్న ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థకు చెందిన రూత్ మైన్‌జెన్-డిక్, ఆటల ద్వారా సహకారాన్ని పరిశోధించే మార్కో జాన్సెన్ తదితరులతో కలిసి రాష్ట్రంలో ఒక చిత్రమైన ప్రయోగం చేసింది. ఊళ్లో కొందరు రైతులు కూర్చుని ఆట ఆడతారు. ప్రతి వంతులో ఎక్కువ నీళ్లు తాగే పంట వేయాలో తక్కువ తాగే పంట వేయాలో ఎవరికి వారు ఎంచుకుంటారు. అందరి ఎంపికలూ కలిసి భూమిలోని నీటిని దించుతాయి, దిగిన కొద్దీ అందరికీ రాబడి పడిపోతుంది. ఆట ముగిశాక ఊరంతా కూర్చుని మాట్లాడుకుంటారు. ఏడాది తర్వాత ఆటను కొద్దిగా మార్చి అదే ఊళ్లలో మళ్లీ ఆడించారు. 2018లో అచ్చయిన ఫలితాలు నేర్పేవి చాలా ఉన్నాయి. ఆటలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలివ్వడం మొదటి ఏడాది ఏ తేడా తేలేదు, రెండో ఏడాది తెచ్చింది. ఆటలో గెలిచినదాన్ని బట్టి ఆటగాళ్లకు డబ్బిచ్చినా ఇవ్వకున్నా పంట ఎంపిక మారలేదు. ఆడిన ఊళ్లలో ఆ తర్వాత నీటి పద్దు పుస్తకాలు పెట్టుకున్నవీ, నీటి వాడకానికి కట్టుబాట్లు పెట్టుకున్నవీ, అదే సంస్థ పనిచేస్తున్న ఇతర ఊళ్లకన్నా ఎక్కువ. ఆట ఒక్కటే నీటి తరుగుదలను ఆపలేదని వారే రాశారు. నాకు నచ్చింది ఆ వినయం కన్నా ఆ రెండో ఏడాది. మొదటి ఏడాదితో ఆపేసి ఉంటే, మాట్లాడుకోవడం వల్ల లాభం లేదని నివేదిక వచ్చేది. ఏదో ఒక కార్యాలయంలో సమావేశాల ఖర్చుకు కోత పడేది.

ఈ వాదానికి అభ్యంతరాలు లేకపోలేదు, అవి గట్టివే. మొదటిది: కరువులో ఉన్నవాడికి పోలిక ఊళ్లూ, మళ్లీ చూడడాలూ ఎందుకు, ఉన్న డబ్బంతా సాయానికే పెట్టాలి కదా? పైగా సాయం ఒక ఊరికిచ్చి మరో ఊరిని పోలిక కోసం వదిలేయడం న్యాయమా? ఈ ప్రశ్నకు మన రాష్ట్రమే జవాబిచ్చింది. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర ఆధారంగా స్మార్ట్‌కార్డు ద్వారా చెల్లించే పద్ధతిని 2010 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో ప్రవేశపెట్టినప్పుడు, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ తీశారు. చిత్తూరుకు పొరుగునున్న అనంతపురం, కడప ఆ ఎనిమిదిలో ఉన్నాయి. ఎలాగూ అన్ని మండలాలకూ ఒకేరోజు యంత్రాలు పంపలేరు, ఎవరో ఒకరు ఆగాలి. ఆగేవారిని ఎమ్మెల్యే సిఫారసు కాక చీటీ తేల్చింది, అంతే. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాల్లో, 1.9 కోట్ల మంది ఉన్న ప్రాంతంలో చేసిన ఈ అధ్యయనం, ముందు కార్డులు వచ్చిన మండలాల్లో డబ్బు త్వరగా అందిందనీ, ఉపాధి హామీలో దారి మళ్లే సొమ్ము సుమారు 41 శాతం తగ్గిందనీ చూపింది. ఎవరికీ రావలసినది రాకుండా పోలేదు.

ఆ అధ్యయనంలో విధానకర్తలు చదవాల్సిన అసలు ఘట్టం అంకెల్లో లేదు. 2013లో ప్రభుత్వం ఈ కార్డుల పద్ధతిని దాదాపు రద్దు చేయబోయింది. ఎందుకంటే కింది నుంచి పైకి వచ్చే ఫిర్యాదులన్నీ దానికి వ్యతిరేకంగానే ఉన్నాయి. చేతివాటం పోయిన కిందిస్థాయి వారి గొంతు పెద్దది, వారికి అధికారులూ నాయకులూ అందుబాటులో ఉంటారు. నాలుగు రోజులు ముందే కూలి అందుకున్న ఆడకూతురు హైదరాబాదుకు ఫోన్ చేసి బాగుందని చెప్పదు. కూలీలనూ పింఛనుదారులనూ నేరుగా అడిగితే 90 శాతానికి పైగా పాత పద్ధతికన్నా ఇదే మేలన్నారు. ఆ లెక్క చేతిలో ఉండడం కూడా రద్దు ఆలోచన విరమించడానికి ఒక కారణమైందని పరిశోధకులు రాశారు. అంటే లెక్కలు లేనప్పుడు విధానం ఖాళీ పలక మీద రాయబడుతుందనుకోవడం భ్రమ. లెక్కలు లేనిచోట ఎవరి కేక పెద్దదో వారి మాటే ఋజువు అవుతుంది. పేదవాడి కేక పెద్దది కాదు కాబట్టి, పోలిక ఊళ్ల మీద పెట్టే ఖర్చు పేదవాడి నుంచి లాక్కున్నదన్న మాట నిలవదు.

రెండో అభ్యంతరం మేధావులది. ఒకచోట పనిచేసింది ఇంకోచోట పనిచేస్తుందని ఏమిటి భరోసా? ఇది నిజమైన చిక్కు. తత్వవేత్త నాన్సీ కార్ట్‌రైట్ దీనికి ఇచ్చే ఉదాహరణ కుప్పానికి సరిహద్దులోనే ఉంది. 1980లో మొదలైన తమిళనాడు సమగ్ర పోషకాహార ప్రాజెక్టులో తల్లులకు ఆహారం గురించి చెప్పడం, బక్కచిక్కిన పిల్లలకు అదనపు తిండి పెట్టడం ప్రధానం. అది బాగా నడిచింది. అదే నమూనాను బంగ్లాదేశ్‌కు తీసుకెళితే నడవలేదు. అక్కడ చాలా ఇళ్లలో అంగడికి వెళ్లి సరుకులు తెచ్చేది మగవాళ్లు, ఇంట్లో ఎవరికెంత వడ్డించాలో తేల్చేది అత్తగారు. పాఠం చెప్పింది మాత్రం తల్లికి. దీన్నుంచి తేలేది ఋజువులు పనికిరావని కాదు, ఏది ఎందువల్ల పనిచేసిందో కూడా ఋజువులో భాగం కావాలని. కుప్పానికే వస్తే, 1990లలో ఇజ్రాయెల్ సాంకేతికతతో అక్కడ బిందు సేద్యపు ప్రదర్శనా క్షేత్రం నడిచింది. 2003 నవంబరులో రాష్ట్రమంతటికీ సూక్ష్మ సేద్య ప్రాజెక్టు వచ్చింది. డ్రిప్పు పెట్టిన మడిలో నీరు ఆదా అవుతుంది, పంటా పెరుగుతుంది, ఇందులో వివాదం లేదు. కానీ భూమి కింది నీరు ఆదా అవుతుందా అన్నది వేరే ప్రశ్న. మిగిలిన నీటితో రైతు ఇంకో ఎకరం తడుపుకుంటే, మొత్తం తోడకం తగ్గకపోగా పెరగొచ్చు. క్వెంటిన్ గ్రాఫ్టన్, ఇతరులు 2018లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం ప్రపంచంలో చాలాచోట్ల ఇదే జరిగిందని చెప్పింది. రైతును తప్పుపట్టడానికి ఏమీ లేదు, రాబడి పెంచుకోవడం అతని హక్కు. తప్పల్లా మడిలో కొలిచిన అంకెను తెచ్చి, భూగర్భ జలాల పరిరక్షణ అనే శీర్షిక కింద రాసుకోవడంలో ఉంది.

మూడో అభ్యంతరం నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది. ఈ లెక్కలన్నీ నిపుణుల చేతి కర్రలే కదా, తమకేం కావాలో ప్రజలే చెప్పాలి కదా? 2001లో మెదక్ జిల్లా ఆల్గోలు గ్రామంలో ప్రజాతీర్పు పేరిట ఒక పౌర న్యాయపీఠం కూర్చుంది. సన్నకారు, చిన్నకారు రైతులు, అందులో ఎక్కువమంది స్త్రీలు, రాష్ట్ర వ్యవసాయానికి మూడు భవిష్యత్తులను విచారించారు. అందులో ఒకటి అప్పటి ప్రభుత్వ విజన్ 2020. భూమి మీద బతికేవారి సంఖ్యను తగ్గించే ఆ దారిని వారు తిరస్కరించారు. రాష్ట్రానికి పెద్ద ఎత్తున సాయం చేస్తున్న బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖకు ఈ తీర్పూ, దాన్ని ప్రచురించిన తీరూ మింగుడుపడలేదు. మరుసటి ఏడాది పరిశోధన సంస్థలతో దాని మీద పెద్ద రగడే నడిచింది. నా మట్టుకు ఆ తీర్పుకు విలువ ఉంది, అది కొలతకు పోటీ కాదు. ఊళ్లో ఎవరు బతకాలి, నీళ్లు ఎవరికి ముందు అందాలి అన్నవి జనం తేల్చాల్సినవి. ఫలానా పని చేస్తే వచ్చే వేసవికి బోరులో ఎన్ని మీటర్ల నీరుంటుంది అన్నది ఓటుతో తేలదు, తాడు దించి చూడాల్సిందే. రెండో దాన్ని మొదటిదానికి అడ్డుపెట్టే అధికారి ఎంత తప్పో, మొదటిదాన్ని రెండోదానికి అడ్డుపెట్టే ఉద్యమకారుడూ అంతే తప్పు. ఏపీఫామ్‌గ్స్‌లో మెచ్చదగింది ఈ విషయంలోనే, ఆ తాడు అది రైతు చేతికిచ్చింది.

ఇక చివరికి రాజకీయాల మాట. ఉచిత విద్యుత్తును ఏ పరిశోధనా పత్రమూ రద్దు చేయించలేదు, ఇకముందు చేయించబోదు కూడా. పెద్ద వాగ్దానాలను లెక్కలు ఓడించవు. కానీ పెద్ద వాగ్దానాల కింద వందల చిన్న నిర్ణయాలుంటాయి, వాటికి ఎన్నికల్లో ఎవరూ ఓటు వేయరు. ఏ చెరువుకు ముందు మరమ్మతు, నీటి సమావేశం పెట్టేవాడి జీతం ఎన్నేళ్లు, పరిశీలన బావి ఏ ఊళ్లో. లెక్కలు పనిచేసేది అక్కడ. ప్రజలే కొలిచి నీటి బడ్జెట్ వేసుకోవాలన్న ఆలోచన 2019 డిసెంబరు 25న ప్రారంభమైన అటల్ భూజల్ యోజనలో కనిపిస్తుంది. 6,000 కోట్ల రూపాయల పథకం, సగం ప్రపంచ బ్యాంకు డబ్బు. గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ అందులో ఉన్నాయి. ఈ ఆలోచనకు ఊళ్లకు ఊళ్లే ప్రయోగశాలగా నిలిచిన ఆంధ్రప్రదేశ్ లేదు.

ఆ జాబితా కోసం ఎదురుచూడకుండా చేయగల పని ఒకటి ఇప్పుడే ఉంది. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువల ద్వారా కృష్ణా నీరు పుంగనూరు, కుప్పం వైపు వస్తోంది, చెరువులు నింపుతామంటున్నారు. అన్ని చెరువులకూ ఒకేరోజు నీళ్లందవు. ముందు నిండేవి కొన్ని, ఏళ్లు ఆగేవి కొన్ని. రెండు రకాల చెరువుల కిందా కొన్ని బావులు ఎంచి ఇప్పటి నుంచే కొలవడం మొదలుపెడితే, కాలువ వల్ల భూగర్భ జలం ఎంత పెరిగింది, వాన వల్ల ఎంత, కొత్తగా పడిన బోర్లు ఎంత మింగాయి అన్నది ఐదేళ్లలో మొదటిసారి తేటగా తెలుస్తుంది. నీళ్లు వచ్చాక మొదలుపెడితే ఆ అవకాశం తిరిగి రాదు. మీ పంచాయతీ గ్రామసభలో చెరువు గురించి చర్చ వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: నీళ్లు రాకముందు బావి మట్టం ఎవరు రాశారు, నీళ్లు అందని పక్క ఊరి బావి మట్టం ఎవరు రాస్తున్నారు? రెంటికీ జవాబు లేకపోతే, ఆ కొలతల ఖర్చును, ఐదో ఏడాది తిరిగి వచ్చి చూసే ఖర్చుతో సహా, పనుల అంచనాలోనే చేర్చాలని తీర్మానం రాయించండి.